రెండో దెబ్బ

పొద్దున రిహార్సల్ సగంలో ఉండగా ముందు వరసలోని అమ్మాయి ఆగిపోయింది. వెనక పిల్లలు ఇంకా అడుగులు వేస్తూనే ఉన్నారు. ఆమె మాత్రం కుడికాలు స్టేజీ మీద ఒకసారి గట్టిగా, వెంటనే ఇంకోసారి మెల్లగా తాటించి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నేను పెళ్లిళ్లలో, బరాత్‌లలో పాటలు వేసే డీజేని. మాది నల్లగొండ వైపు పల్లె. నా చిన్నప్పుడే నాన్న లారీ పని వెతుక్కుంటూ వచ్చి వనస్థలిపురంలో ఉండిపోయాడు. ఆడపిల్ల డీజే అంటే ఇప్పటికీ కొందరు వింతగా చూస్తారు. పాట నచ్చలేదన్నవాళ్లు, సౌండ్ చాలలేదన్నవాళ్లు, మీ ఆయన ఎక్కడున్నాడని అడిగినవాళ్లు నాకు అలవాటే. కాలితో కొట్టి తప్పు చూపించిన మనిషిని మాత్రం అంతవరకు చూడలేదు.

ఆ అమ్మాయికి వినపడదు. ఆ స్టేజీ మీదున్న పిల్లలెవరికీ వినపడదు.

వాళ్ల బడి మా వీధికి దగ్గర్లోనే ఉంది. అక్కడ డ్యాన్స్ నేర్పే టీచర్ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డావిడ. మా కాలనీలో ఏదో ఫంక్షన్ జరుగుతుంటే నా బేస్ బాక్సుల పక్కన చాలాసేపు నిలబడింది. చెవులు మూసుకోలేదు, పాదాల వైపు చూసుకుంటూ ఉంది. పాట అయ్యాక దగ్గరికి వచ్చి, "ఈ అదురు మా పిల్లల కాళ్లకి తగిలేలా చేయగలరా అండీ?" అని అడిగింది. చేస్తానన్నాను. ఎలా చేయాలో ఆ నిమిషానికి నాకు తెలియదు.

తర్వాత శనివారాలు బడికి వెళ్లి ఒక్కొక్కటే కుదుర్చుకున్నాం. చెక్క పలకలతో స్టేజీ, దాని కింద నేలకు ఆనించి బేస్ బాక్సులు. పక్కన రెండు ప్లేయర్లు. ఒకదాంట్లో వేగంగా నడిచే డప్పు, ఇంకోదాంట్లో నిదానంగా పడే పెద్ద డోలు. రెండింటికీ మధ్య నా మిక్సర్. దాని కింది అంచున అడ్డంగా జరిగే చిన్న మీట ఉంటుంది, దాన్ని క్రాస్‌ఫేడర్ అంటాం. మీట ఎడమ చివర ఉంటే డప్పు ఒక్కటే బయటికి రావాలి. కుడి చివరకు జరిపితే డోలు ఒక్కటే. డప్పు పోయి డోలు రాగానే పిల్లలు వరస మార్చాలి. అందరూ తమ తమ చోట్లలోకి వచ్చారో లేదో ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి చూసుకుని చెయ్యి పైకెత్తుతుంది, నేను మీట జరుపుతాను. ఒక్కోసారి తొందరగా చేరతారు, ఒక్కోసారి చిన్నపిల్లలు ఆలస్యం చేస్తారు. అందుకే ముందుగా రికార్డు చేసి పెట్టుకునే వీలు లేదు. ఆమె చెయ్యి చూసి నా చెయ్యి కదలాలి.

ఆ రోజు వాళ్ల బడి వార్షికోత్సవం. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు దగ్గర్లో ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకున్నారు. భోజనాలయ్యాక కార్యక్రమం.

టీచర్ ఆ అమ్మాయితో చేతులతో మాట్లాడి నా వైపు తిరిగింది.

"రెండు దెబ్బలు తగులుతున్నాయంటోందండీ. ఒకటి పెద్దది. దాని సందుల్లో ఇంకోటి, చిన్నది."

"డప్పు ఒక్కటే నడుస్తుంది టీచర్. పలక ఏదో లూజ్ అయినట్టుంది."

టీచర్ ఆ మాట చేరవేసింది. అమ్మాయి చేతులు ఈసారి ఇంకా వేగంగా కదిలాయి.

"పలక కాదట. పలకైతే ఒక్కచోటే అదురుతుందట. ఇది ఎక్కడ నిలబడ్డా తగులుతోందంటోంది. ఆ చిన్నది డోలేనంటోందండీ."

చెప్పులు విప్పి స్టేజీ ఎక్కాను. నా పాదాలకు డప్పు తప్ప ఇంకేం తెలియలేదు. కింద వంటవాళ్లు గిన్నెలు ఈడుస్తున్నారు, హాల్లో పెద్ద ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. పిల్ల భయంతో అలా అంటోందేమో అనుకున్నాను. కానీ ఆమె ముఖంలో భయం కనిపించలేదు, విసుగు కనిపించింది. 

కిందికి వచ్చి డోలు వైపు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాను. అమ్మాయి వెంటనే ఒక వేలు చూపించింది. మళ్లీ పెంచాను. రెండు వేళ్లు. ఆమె నా చెయ్యి చూసి చెబుతోందేమోనని మిక్సర్‌కు అడ్డంగా నిలబడి మళ్లీ తగ్గించాను. ఒక వేలు.

అప్పుడు డప్పు ప్లేయర్‌ని ఆపేసి, మీట ఎడమ చివరనే ఉంచి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అక్కడ ఏమీ వినపడకూడదు. ఎక్కడో పక్క వీధిలో ఊరేగింపు పోతున్నట్టు, సన్నగా, డోలు వినపడింది.

తప్పు ప్లేయర్‌దా, వైరుదా, మిక్సర్‌దా తేల్చుకోవాలి. రెండు ప్లేయర్ల వైర్లు ఊడదీసి ఒకదాని చోట ఇంకోటి పెట్టాను. ఈసారి డోలు ఆపి డప్పు నడిపితే, డోలు బదులు డప్పు సన్నగా బయటికి కారుతోంది. ప్లేయర్‌దో వైరుదో తప్పయితే డోలే కారాలి. ఏ ప్లేయర్ తగిలించినా కుడి వైపు నుంచే కారుతోందంటే తప్పు మిక్సర్ లోపలే ఉంది. వైర్లు మళ్లీ ఎప్పటిలా పెట్టేసి, మీటను ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా జరిపి చూశాను. మధ్యకు రాగానే చిటపటమంది. ఇంకొంచెం జరిపితే శబ్దం మొత్తానికే పోయింది. వెనక్కి తెస్తే వచ్చింది.

ఫేడర్ పోయింది.

కొన్ని మిక్సర్లలో ఆ మీటను పక్కకు తప్పించి పని నడుపుకునే ఏర్పాటు ఉంటుంది. నాదాంట్లో లేదు. ఏ శబ్దమైనా ఆ మీట దాటే బయటికి పోవాలి. వేరే మిక్సర్ తెచ్చుకుందామంటే ఆ రోజు ముహూర్తాలు గట్టివి. అల్మాస్‌గూడలో ఉండే తోటి డీజేకి ఫోన్ చేస్తే, "ఇయ్యాల మిక్సర్ ఏడ దొరుకుతది అక్కా? నాయి రెండూ పెండ్లిళ్లకే పోయినయి," అన్నాడు.

హాలు వెనక భోజనాల బల్ల మీద మిక్సర్ పెట్టి విప్పాను. మీట మీది ప్లాస్టిక్ టోపీ లాగి, పైరేకు స్క్రూలు తీసి ఫేడర్‌ని బయటికి తీస్తే దాని సందంతా పసుపుపచ్చగా ఉంది. ఆ ముందు వారం ఒక హల్దీలో పెళ్లికూతురి మేనత్తలు బిందెలతో పసుపునీళ్లు చల్లుకున్నారు. నా బల్ల మీద కూడా పడ్డాయి. పైపైన తుడిచి, అంతా బాగానే ఉందనుకున్నాను. నీళ్లు ఆరి పసుపు లోపలే అట్టకట్టింది.

నా సంచిలోని క్లీనర్ స్ప్రే కొట్టి, మీటను అటూ ఇటూ ఆడించి, దూదితో తుడిచి మళ్లీ బిగించాను. బాగానే పలికింది. అమ్మాయి ఒక వేలు చూపించింది. టీచర్ ఊపిరి పీల్చుకుంది. డ్యాన్స్ మొదటి నుంచి వేయించింది. చివరికి వచ్చేసరికి, డోలు మంచి ఊపులో ఉండగా, టక్కున ఆగిపోయింది.

పెళ్లిలో పాట ఆగితే జనమంతా నా వైపు చూస్తారు. ఈ పిల్లలు తమ కాళ్ల వైపు చూసుకున్నారు. తామేదో తప్పు చేశామన్నట్టు నిలబడిపోయారు. 

టీచర్ నన్ను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించింది. ఆ పిల్లల దగ్గర గొంతు తగ్గించాల్సిన పని లేదని కూడా ఆవిడకు గుర్తులేదు.

"ఉన్నమాట చెప్పండి. అవుతుందా, అవదా? అవదంటే ఇప్పుడే ప్రోగ్రాంలోంచి తీసేస్తాను. అమ్మానాన్నల ముందు వాళ్లు ఇలా మధ్యలో నిలబడిపోతే నేను చూడలేనండీ."

"భోజనాలు అయ్యేదాంక టైం ఇయ్యుండ్రి టీచర్. దిల్‌సుఖ్‌నగర్ పోయి కొత్త ఫేడర్ తెస్తా."

"దొరుకుతుందా?"

"తెల్వదు."

ఫేడర్‌ని రుమాల్లో చుట్టుకుని మెట్రో ఎక్కాను. కింద విజయవాడ రోడ్డు మీద బండ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, కోచింగ్ సెంటర్ల పిల్లలను తోసుకుంటూ, నేను ఆంప్లిఫయర్లు రిపేర్ చేయించుకునే దుకాణానికి పోయాను. సందులో ఇరుకు గది. గోడలకు ఆనించి చచ్చిపోయిన మిక్సర్లు, స్పీకర్లు. దుకాణాయన రుమాలు విప్పి ఫేడర్‌ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"గిది దొరకది చెల్లె. ఆర్డర్ పెడితే వారం పడ్తది."

"వారం లేదన్నా. ఇప్పుడే కావాలె. చెవులు వినరాని పిల్లల డ్యాన్స్ ఉంది."

"చెవులు వినరాకుంటే మిక్సర్ ఎందుకు?"

"కాళ్లతోని వింటరన్నా."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, బల్ల కింది నుంచి పాత సామాన్ల డబ్బా లాగాడు. వెతగ్గా వెతగ్గా అదే పొడుగున్న ఫేడర్ ఒకటి దొరికింది. స్క్రూ రంధ్రాలు కూడా సరిపోయాయి.

"గిది పట్టుకపో."

"మీటర్ పెట్టి చూద్దాం అన్నా."

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. దీని మీదనే లేదు."

ఆయనకు నచ్చలేదు. అయినా మీటర్ నా చేతికిచ్చాడు. మీటర్ ముళ్లు ఫేడర్ పిన్నులకు ఆనించి మీట జరిపాను. అంకె సున్నా నుంచి మెల్లగా పెరుగుతూ పోయి, మధ్యలో ఉన్నట్టుండి ఎగిరి, మళ్లీ కిందికి దిగింది. అక్కడ శబ్దం తెగుతుందన్నమాట. ఆయన దాన్ని చెత్తలోకి విసిరి, డబ్బా మొత్తం నేల మీద గుమ్మరించాడు. ఇద్దరం గొంతుక్కూర్చుని ఏరాం. అడుగున ఇంకొకటి కనిపించింది. దాన్ని మీటర్‌కు పెట్టి అటూ ఇటూ ఎన్నిసార్లు జరిపినా అంకె ఎక్కడా తడబడలేదు.

"ఇది వేరే కంపెనీది చెల్లె. వైర్ల క్లిప్పు ఎక్కుతది గానీ, పిన్నుల వరస అదే ఉంటదని మాత్రం నేను చెప్పలేను."

"వరస వేరేగ ఉంటే?"

"ఉల్టా ఉంటే ఉల్టా నడుస్తది. ఇంకెట్లన్న ఉంటే అసలే నడవది."

తిరుగు మెట్రోలో కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరే నిలబడ్డాను. ఫోన్ మోగింది. టీచర్.

"భోజనాలు అయిపోవచ్చాయండీ. పిల్లలకి బట్టలు కూడా వేసేశాను. దొరికిందా?"

"దొరికింది టీచర్. ఒస్తున్న."

"పనిచేస్తుందా?"

"పెట్టి చూస్తే గాని చెప్పలేను."

"తొందరగా రండి," అని పెట్టేసింది.

నేను హాల్లోకి అడుగు పెట్టేసరికి ముఖ్య అతిథి మైకులో మాట్లాడుతున్నాడు. తెర వేసి ఉంది. తెర వెనక పిల్లలు ఎర్రబట్టల్లో, కాళ్లకు పారాణి పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ముందు వరస అమ్మాయి నన్ను చూసి లేచి వచ్చి, మిక్సర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. 

క్లిప్పు తొడిగాను, ఎక్కింది. స్క్రూలు బిగించాను. మీట మీద టోపీ పెట్టబోతే అది జారిపోయింది. పాతదానికంటే దీని ఇనుప పుల్ల సన్నం. వైర్లకు చుట్టే టేపు ముక్క పుల్లకు చుట్టి, టోపీని నొక్కి కూర్చోబెట్టాను. నిలబడింది.

బయట ఉపన్యాసం నడుస్తుంటే బాక్సులు మోగించలేను. హెడ్‌ఫోన్‌లోనే చూసుకోవాలి. మీట ఎడమకు జరిపాను. డప్పు రావాల్సిన చోట డోలు వచ్చింది. ఉల్టా. నవ్వొచ్చింది. ఉల్టా అయితే ప్లేయర్ల వైర్లు అటుది ఇటు మారిస్తే సరిపోతుంది. మార్చాను. ఎడమకు డప్పు, కుడికి డోలు. డప్పు ఆపేసి, మీట ఎడమ చివర పెట్టి, కళ్లు మూసుకుని విన్నాను. ఏమీ లేదు. 

"అయిందా?" అని టీచర్ వెనక నుంచి అడిగింది.

"అయింది టీచర్. ప్రోగ్రాంలకెళ్లి తియ్యొద్దు."

అమ్మాయి మా ఇద్దరి పెదాలు చూసింది. పోయి తన చోట్లో నిలబడింది.

చప్పట్లు. తెర లేచింది. హాలు నిండా తల్లిదండ్రులు, ముసలివాళ్లు, వరసల మధ్య సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకున్న బాబాయిలు. డప్పు వదిలాను. పలకలు అదిరాయి. పిల్లలందరి పాదాలు ఒక్కసారే లేచి ఒక్కసారే పడ్డాయి. నా కళ్లు ఆ అమ్మాయి కుడిచేతి మీదే ఉన్నాయి. వెనక్కి తిరిగింది, చూసుకుంది, చెయ్యెత్తింది. జరిపాను. డోలు శుభ్రంగా పడింది. వరస మారింది. మళ్లీ చెయ్యి, మళ్లీ డప్పు. నా భుజాలు కొంచెం వదులయ్యాయి.

తర్వాతిసారి ఆమె చెయ్యి లేవగానే మీట తోశాను. సగం దూరంలో టోపీ ఊడి నా వేళ్ల మధ్యకు వచ్చేసింది. మీట నడిమధ్యలో ఆగింది. డప్పూ డోలూ రెండూ ఒకేసారి, నిండు శబ్దంతో, పలకల మీద విరుచుకుపడ్డాయి.

చివరనున్న చిన్నపిల్ల ఒకతి ముందుకు అడుగేసింది. ఆమె పక్క పిల్ల వెనక్కి తిరిగింది. ఇద్దరూ గుద్దుకున్నారు. ముందున్న అమ్మాయి ఎత్తిన చెయ్యి దించలేదు. రెండో చెయ్యి వెనక్కి చాచి అరచెయ్యి చూపించింది. ఆగండి. పిల్లలంతా ఎక్కడివాళ్లు అక్కడ నిలబడ్డారు. ఆ రెండు తాళాల గందరగోళం మధ్య ఒక్క పాదం కదల్లేదు.

నేను టోపీని మళ్లీ పెట్టబోయాను. టేపు ముద్దలా చుట్టుకుపోయింది, ఎక్కలేదు. వదిలేసి బోసి ఇనుప పుల్లను బొటనవేలి గోటితో తోశాను. గోరు చీరుకుపోయింది. పుల్ల చివరి దాకా వెళ్లి ఆగింది. డప్పు పోయింది, డోలు ఒక్కటే మిగిలింది.

ఆమె వెంటనే నమ్మలేదు. ఒక దెబ్బ పడనిచ్చింది, ఇంకో దెబ్బ పడనిచ్చింది. అప్పుడు చెయ్యి దించింది. అందరూ కదిలారు.

మిగిలిన ఆటంతా ఆ పుల్లతోనే నడిపాను. ఎలా అయిందో నాకు సరిగ్గా గుర్తులేదు. చివరి దెబ్బకు పిల్లలు కూర్చుని తలలు వంచడం, నేను రెండు వాల్యూములూ కిందికి దించడం మాత్రం గుర్తుంది.

హాలంతా చప్పట్లు కొట్టింది. పిల్లలు తలలు ఎత్తలేదు. టీచర్ చెబితే గాని వాళ్లకు తెలియదు. ఇంతలో మొదటి వరసలోంచి ఒక తండ్రి, ఆటో యూనిఫాం చొక్కా మీదే వచ్చినాయన, లేచి స్టేజీ దగ్గరికి వచ్చి పలకల మీద రెండు అరచేతులతో బాదడం మొదలుపెట్టాడు. ఆయన పక్కకు ఇంకొకరు వచ్చారు. తర్వాత తల్లులు వచ్చారు. స్టేజీ అంచు పొడుగునా చేతులు. పిల్లలు ఒక్కొక్కరే తలలెత్తి చూశారు. నేను మిక్సర్ వెనక కూర్చుని గోరు నోట్లో పెట్టుకున్నాను. రక్తం ఉప్పగా తగిలింది.

వైర్లు చుడుతుంటే ఆ అమ్మాయి వచ్చింది. చెమటకు కాటుక కారింది. చేతులు వేగంగా ఆడిస్తోంది. వెంట వచ్చిన టీచర్ చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"ఏమంటుంది టీచర్?"

"మధ్యలో రెండూ ఎందుకు కలిశాయని అడుగుతోందండీ."

ఊడిన టోపీ చూపించాను. ఆమె దాన్ని తీసుకుని, పుల్ల మీద తనే పెట్టి, రెండు వేళ్లతో లాగింది. ఊరికే వచ్చేసింది. నా వైపు చూసి ఇంకేదో అంది.

టీచర్‌కి నవ్వు ఆగలేదు. "ఏమీ అనుకోకండి. ఇలాంటిది పెట్టుకుని స్టేజీకి వస్తారా అంటోంది."

ఇన్నేళ్ల పెళ్లిళ్లలో ఎంతమంది నా మీద అరిచారో లెక్కలేదు. సౌండ్ పెంచమని అరిచారు, పాట మార్చమని అరిచారు. తాళం చెడిందని నన్ను నిలదీసినవాళ్లు ఒక్కరూ లేరు. నాకు తిట్టినట్టనిపించలేదు. నాతో కలిసి పనిచేసే మనిషి అడిగినట్టనిపించింది.

"ఇంకోసారి ఇట్ల రానని చెప్పుండ్రి టీచర్. సరైనది తెప్పిచ్చి, బిగిచ్చి, ఆమెకు చూపిచ్చినంకనే స్టేజీ ఎక్కుతనని చెప్పుండ్రి."

టీచర్ చెప్పింది. అమ్మాయి కాసేపు నా ముఖంలోకి చూసింది. మెట్ల దగ్గర వాళ్లమ్మ బట్టల సంచి పట్టుకుని ఎదురుచూస్తోంది. అమ్మాయి టోపీని నా అరచేతిలో పెట్టి, తెగిన గోరు కనిపించి ఆగింది. తన పైటకు గుచ్చుకున్న పిన్నీసు తీసి, పైట అంచుకు కుట్టిన ఎర్ర పట్టీని పిన్నీసు మొనతో గీకి ముక్క చింపింది. అది నా వేలికి చుట్టి ముడేసింది. పైట చింపినందుకు టీచర్ అరిచింది. అమ్మాయి అటు తిరిగి ఉంది కాబట్టి ఆ అరుపు ఆమెకు చేరలేదు. దర్జాగా మెట్లు దిగి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.